లెక్కలోకి రాని గర్భం: కడుపులోనే నాలుగుసార్లు రక్తం ఎక్కించిన ఒక ఆర్‌హెచ్ కేసు

ఫిబ్రవరి నెల మధ్యలో, పంతొమ్మిదో వారం గర్భంతో ఆమె విజయవాడ సూర్యారావుపేటలోని మా స్కాన్ సెంటరుకు వచ్చింది. వయసు 26. తెనాలి వైపు పల్లె. భర్త గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. తోడు వచ్చినావిడ అత్తగారు, పుట్టింటి వరసకు మేనత్త కూడా. మేనరికం పెళ్లి. చేతిలో గుంటూరు గైనకాలజిస్టు రాసిచ్చిన చీటీ ఉంది. రెండో కాన్పు, తల్లి గ్రూపు బి నెగటివ్, ఇండైరెక్ట్ కూంబ్స్ టెస్ట్ పాజిటివ్ (అంటే బిడ్డ ఎర్రకణాలపై దాడి చేయగల యాంటీబాడీలు తల్లి రక్తంలో ఉన్నాయి), టైటర్ (వాటి మోతాదు) 1:64, ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డకు చేసే వైద్యం) అభిప్రాయం కావాలి.

చీటీలో ఒక అంకె తప్పు. ఆమెకది మూడో గర్భం. ఈ కేసంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. రాయడానికి ఆ దంపతులు ఒప్పుకున్నారు. పేర్లు, ఊరు రాయడం లేదు.

చీటీలో లేని గర్భం

మొదటి కాన్పు నాలుగేళ్ల కిందట. నెలలు నిండి, మామూలు కాన్పు, ఆడపిల్ల, గ్రూపు బి పాజిటివ్. 28వ వారంలో ఒకసారి, కాన్పయిన రెండో రోజు మరోసారి, ఆ యాంటీబాడీలు తయారవకుండా ఆపే యాంటీ-డి సూది 300 మైక్రోగ్రాముల చొప్పున వేశారు. డిశ్చార్జి కాగితం మీద బ్యాచ్ నంబరు స్టిక్కరు కూడా అంటించి ఉంది. అంత పద్ధతిగా సూది పడ్డ తల్లికి యాంటీబాడీలు ఎక్కణ్నించి వచ్చాయి? అరుదుగా వస్తాయి, నిజమే. కానీ అరుదైన కారణం దగ్గరికి వెళ్లేముందు మామూలు కారణాన్ని వెతకాలి.

"పెద్దపిల్లకీ దీనికీ మధ్యలో ఎప్పుడైనా నెల తప్పిందా తల్లీ?" అని అడిగాను.

ఆమె మాట్లాడలేదు. అత్తగారి వైపు చూసింది. ఆవిడే చెప్పింది. "ఒకటి వచ్చి పోయిందండీ. ఐదో నెల. అది నిలవలేదుగా, అందుకని చెప్పలా."

రెండేళ్ల కిందటి మాట. 17 వారాలప్పుడు ఒక రాత్రి ఉమ్మనీరు పోయింది, ఆ వెంటనే రక్తస్రావం. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లారు. పిండం పడిపోయింది, మాయ ముక్క లోపల ఉండిపోతే మత్తిచ్చి గర్భసంచి శుభ్రం చేశారు. తెల్లారి ఇంటికి పంపేశారు. తర్వాతి వారం ఆమె ఆ కాగితం తెచ్చి చూపించింది. బీరువాలో పెద్దపిల్ల టీకాల కార్డుతో కలిపి దాచుకుందట. అరపేజీ కాగితం. బ్లడ్ గ్రూపు అని అచ్చేసిన చోట ఖాళీ. యాంటీ-డి ఊసు లేదు.

గుంటూరు డాక్టరు గారిది తప్పనను. ఆవిడ అందరూ అడిగే ప్రశ్నే అడిగారు: "ఇది ఎన్నో కాన్పమ్మా?" దానికి నిజాయితీ గల జవాబు రెండోది అనే. పోయిన గర్భాన్ని మన భాషలో ఎవరూ కాన్పు అనరు. ప్రశ్నలోనే ఆ గర్భానికి చోటు లేదు. ఆ ఒక్క మాట తెలిసి ఉంటే కూంబ్స్ పరీక్ష మొదటి విజిట్‌లోనే చేయించేవారు. పెద్దపిల్లకు సూది పడింది కదా అన్న ధీమాతో అది ఐదో నెలకు జరిగింది.

కొంచెం వివరం చెప్పాలి. ఆర్‌హెచ్ నెగటివ్ తల్లి ఎర్రకణాల మీద డి యాంటిజెన్ అనే గుర్తు ఉండదు. బిడ్డ పాజిటివ్ అయితే ఆ బిడ్డ కణాల మీద ఉంటుంది. గర్భం సాగినన్నాళ్లూ ఇద్దరి రక్తం మాయ దగ్గర పక్కపక్కనే పారుతుంది, దాదాపు కలవదు. కాన్పులోనో, కడుపు పోయినప్పుడో, గర్భసంచి శుభ్రం చేసేటప్పుడో బిడ్డ రక్తం కాస్త తల్లిలోకి చేరుతుంది. ఆమె శరీరం దాన్ని పరాయిదిగా పోల్చుకుంటుంది. మొదట తయారయ్యే ఐజీఎం యాంటీబాడీలు మాయను దాటలేవు, కాబట్టి ఆ గర్భానికి ఏమీ కాదు. కానీ గుర్తు మిగిలిపోతుంది. మళ్లీ పాజిటివ్ బిడ్డ కడుపున పడినప్పుడు ఐజీజీ యాంటీబాడీలు తయారై మాయ దాటి వెళ్లి బిడ్డ ఎర్రకణాలను విరగ్గొడతాయి. బిడ్డకు రక్తం తగ్గిపోతుంది. ఉన్న కాస్త రక్తంతోనే ఒళ్లంతా ఆక్సిజన్ అందించడానికి గుండె వేగంగా కొట్టుకుని చివరికి అలిసిపోతుంది. పొట్టలో, గుండె చుట్టూ, చర్మం కింద నీరు చేరుతుంది. దాన్నే హైడ్రాప్స్ అంటాం.

తల్లి శరీరం పోల్చుకోకముందే ఆ కణాలను తుడిచేయడానికి వేసేది యాంటీ-డి. 1968 నుంచి వాడకంలో ఉంది. రక్తం కలిసిన 72 గంటల్లోపు వేయాలి. ఇది మనుషుల ప్లాస్మా నుంచి తయారయ్యే మందు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన జీవితకాలంలో 1,173 సార్లు రక్తం, ప్లాస్మా ఇచ్చి 2025లో కన్నుమూశారు. ఆయన ప్లాస్మాతో తయారైన సూదులు ఎంతమంది తల్లులకు చేరాయో తలచుకుంటే, మనం వేయడం మరిచిపోయిన ప్రతి సూదీ నాకు బరువుగా అనిపిస్తుంది. 

12 వారాల లోపు గర్భస్రావం చేయించుకునే వారికి యాంటీ-డి అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. మన దగ్గర చాలామంది ఇప్పటికీ ఇస్తారు. ఆ వాదన వేరు. 17 వారాల గర్భం పోయి, లోపల శుభ్రం చేసిన తర్వాత సూది వేయాలా వద్దా అన్నదానిలో మాత్రం వాదనే లేదు.

"ఇప్పుడు వేయించమంటారా ఆ సూది? ఎంతైనా పర్లేదు," అన్నాడు భర్త. యాంటీబాడీలు ఒకసారి తయారయ్యాక ఎన్ని సూదులు వేసినా ఫలితం లేదని చెప్పడం ఆ రోజు నాకు కష్టమైంది.

అత్తగారి గ్రూపు

బిడ్డ నెగటివ్ అయితే ఏ భయమూ లేదు. కాబట్టి భర్త గురించి ఆలోచించాను. ఆయన బి పాజిటివ్. రెండు జన్యువులూ పాజిటివ్ అయితే పిల్లలందరూ పాజిటివే. ఒకటి పాజిటివ్, ఒకటి నెగటివ్ అయితే సగం అవకాశం. అది తేల్చడానికి ల్యాబుకు పంపబోతుంటే ఆ అమ్మాయే అంది: "అత్తయ్యకీ నెగటివే మేడమ్."

అత్తగారిది ఓ నెగటివ్. ల్యాబు అక్కర్లేకపోయింది. తల్లి నెగటివ్ అయితే కొడుక్కి ఆమె నుంచి నెగటివ్ జన్యువు తప్ప ఇంకోటి రాదు. కాబట్టి బిడ్డ పాజిటివ్ కావడానికీ నెగటివ్ కావడానికీ సగం సగం అవకాశం. అన్నాచెల్లెళ్ల నుంచి వచ్చిన ఒకే జన్యువు ఇద్దరిలోనూ దిగిందన్న మాట: కోడలికి తండ్రి వైపు నుంచి, కొడుక్కి తల్లి వైపు నుంచి. మేనరికం అనగానే మనం తలసేమియా లాంటి జబ్బుల గురించి ఆలోచిస్తాం. ఇక్కడ అదే మేనరికం బిడ్డకు తప్పించుకునే దారి ఒకటి తెరిచి పెట్టింది.

ఆవిడకు మాత్రం మనసులో ఒకటి మెదులుతోంది. "నాకు ముగ్గురు పుట్టారండీ, ఏ సూదీ లేదు. ఎవరికీ ఏం కాలా. దీనికే ఎందుకైంది?" మంచి ప్రశ్న. ఆవిడ గ్రూపు ఓ, ముగ్గురు పిల్లలదీ బి. ఓ గ్రూపు తల్లి రక్తంలో బి కణాలను చంపే యాంటీబాడీలు ముందునుంచే సిద్ధంగా ఉంటాయి. పిల్లల రక్తం కాస్త లోపలికి వచ్చినా డి యాంటిజెన్ కంటబడకముందే అవి వాటిని తుడిచేశాయి. కోడలిది బి, బిడ్డలదీ బి. ఆ రక్షణ ఆమెకు లేదు. బొమ్మ గీసి చూపిస్తే ఆవిడకు వెంటనే అర్థమైంది. కోడలి ఒంట్లో ఏదో లోపం ఉందన్న అనుమానం ఆ రోజుతో పోయిందనుకుంటాను. ఇంట్లో ఆ అనుమానం ఉండటం కూడా ఒక జబ్బే.

తల్లి రక్తం నుంచే బిడ్డ గ్రూపు తెలుసుకోవచ్చు. తల్లి ప్లాస్మాలో బిడ్డ డీఎన్ఏ తిరుగుతుందని డెన్నిస్ లో బృందం 1997లో చూపింది. ఆ మరుసటి ఏడాదే దానితో ఆర్‌హెచ్ గ్రూపు చెప్పగలిగారు. ఈ పరీక్షకు శాంపిల్ వేరే నగరానికి పంపాలి, ఖర్చు ఉంది. స్కానుతో కనిపెట్టుకుని ఉండొచ్చు కదా అని పంపలేదు. ఇప్పుడైతే పంపుతాను. నెగటివ్ అని తేలితే ఎనిమిది వారాల భయం తప్పేది. పాజిటివ్ అని తేలితే నేను ఇంకాస్త గట్టిగా వెంటపడేదాన్ని. ఉమ్మనీరు తీసి పరీక్ష చేయడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ వద్దనే అంటాను. ఆ సూది పోటుతో మళ్లీ రక్తం కలిసి యాంటీబాడీలు పెరగొచ్చు.

స్కానులో వేగం

బిడ్డ రక్తం తగ్గిందని సూది గుచ్చకుండా తెలుసుకునే పద్ధతికి ఆధారం చాలా సింపుల్. రక్తం పలచబడితే వేగంగా పారుతుంది. బిడ్డ మెదడులోని మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ అనే ధమనిలో ఆ వేగాన్ని డాప్లర్ స్కానుతో కొలుస్తాం. ఆ వయసు బిడ్డకు ఉండాల్సిన సగటు వేగానికి ఒకటిన్నర రెట్లు దాటితే తీవ్రమైన రక్తహీనత అని అనుమానించాలి. జాన్‌కార్లో మారి బృందం 2000లో ప్రచురించిన ఈ లెక్క వచ్చాక రక్తహీనత కోసం చేసే ఉమ్మనీటి పరీక్షలు దాదాపు ఆగిపోయాయి.

పద్ధతి సింపులే, చేయి మాత్రం కుదురుగా ఉండాలి. బిడ్డ కదలకుండా, శ్వాస కదలికలు లేకుండా ఉన్నప్పుడే కొలవాలి. రక్తనాళం మొదలయ్యే చోట, ప్రోబ్ కోణం సున్నాకు దగ్గరగా ఉండాలి. కోణం తప్పితే అంకె తక్కువ వస్తుంది, మనకు లేని ధైర్యం వస్తుంది. నేను మూడుసార్లు కొలిచి ఎక్కువ వచ్చినదాన్ని రాస్తాను.

20 వారాలకు సెకనుకు 29 సెంటీమీటర్లు. 22 వారాలకు 33. రెండూ సగటు కన్నా కాస్త ఎక్కువ, భయం లేదు. టైటర్ మళ్లీ చూస్తే 1:128. 24 వారాలకు 39 వచ్చింది, అంటే సగటుకు 1.27 రెట్లు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది. 1.27 చూశాక వారానికోసారి రమ్మనాలి. యార్డులో సీజన్, మిర్చి టిక్కీలు (బస్తాలు) కుప్పలుగా వస్తున్నాయి, రోజు సెలవు పెడితే కొట్టులో ఊరుకోరని భర్త అంటే రెండు వారాలకు రమ్మన్నాను. సెన్సిటైజ్ అయ్యాక, అంటే తల్లి శరీరం డి యాంటిజెన్‌ను ఒకసారి పోల్చుకున్నాక, వచ్చే మొదటి గర్భంలో జబ్బు సాధారణంగా నెమ్మదిగా నడుస్తుందన్న అనుభవం కూడా నాతో ఆ మాట అనిపించింది. 26 వారాలకు 47. సగటుకు 1.40 రెట్లు. ఆ తర్వాతి వారం, 27 వారాలు నిండిన రోజు, 57. సగటుకు 1.62 రెట్లు. ఏడు రోజుల్లో గీత దాటేసింది. గుండె కాస్త పెద్దదిగా కనిపించింది. పొట్టలో నీరు లేదు. ఆ ఒక్కటే ఊరట. హైడ్రాప్స్ రాకముందు రక్తం ఎక్కించడం మొదలుపెడితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బతుకుతారు. వచ్చాక ఆ భరోసా ఇవ్వలేం.

భార్యాభర్తలను కూర్చోబెట్టి చెప్పాను. బొడ్డుతాడులోకి సూది పెట్టి రక్తం ఎక్కించాలి, ఒకసారితో అయిపోదు, ఎక్కించిన ప్రతిసారీ నూటికి ఒకటి రెండు కేసుల్లో బిడ్డ పోయే ప్రమాదం ఉంది. "కడుపులో ఉన్న బిడ్డకి రక్తం ఎలా ఎక్కుతుందండీ?" అన్నాడు భర్త. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో విలియం లైలీ 1963లో మొదటిసారి ఎక్కించారని, అప్పట్లో స్కాన్ లేక ఎక్స్‌రేలు చూస్తూ బిడ్డ పొట్టలోకి వదిలేవారని, ఇప్పుడు సూది మొన కళ్లముందే కనిపిస్తుందని చెప్పాను. ఆ అమ్మాయి ఒకటే అడిగింది: "చేయకపోతే?" చెప్పాను. సంతకం పెట్టింది.

రక్తం ఎవరిది?

కావాల్సింది ఓ నెగటివ్ రక్తం. ఐదు రోజుల లోపుది, తల్లి రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షలో సరిపోయినది, తెల్లకణాలు వడకట్టినది, సైటోమెగాలో వైరస్ లేనిది, రేడియేషన్ ఇచ్చినది. పైగా బాగా చిక్కగా, ఎర్రకణాలు 75 నుంచి 85 శాతం ఉండేలా కట్టించాలి, లేకపోతే అంత చిన్న ప్రాణానికి నీరే ఎక్కువ పోతుంది. మన దేశంలో ఆర్‌హెచ్ నెగటివ్‌లే నూటికి ఐదుగురు. అందులో ఓ గ్రూపు ఇంకెంతమంది ఉంటారు?

"నాది ఓ నెగటివేగా. నాది తియ్యండి," అంది అత్తగారు, చీర చెంగు జరిపి చెయ్యి చాపుతూ. ఆ చెయ్యి వద్దనడం అన్నింటికన్నా కష్టం.

దగ్గరి చుట్టాల రక్తంలో ఒక ప్రమాదం ఉంది. అందులోని తెల్లకణాలను బిడ్డ శరీరం పరాయివిగా గుర్తించలేక ఊరుకుంటుంది. అవి లోపల స్థిరపడి బిడ్డ ఒంటి మీదికే దాడికి దిగుతాయి. అరుదు, కానీ వస్తే దాదాపు ప్రాణాంతకం. రేడియేషన్ ఇస్తే ఆ ముప్పు పోతుంది. అయినా మేనరికం ఇంట్లో, నాయనమ్మ రక్తం, నెలలు నిండని బిడ్డకు, వేరే దారి ఉన్నప్పుడు నేను తీసుకోను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బ్లడ్ బ్యాంకుకు వెళ్లి వేరెవరికైనా వాడుకోమని ఇచ్చి వచ్చింది. ఆ సంగతి నాకు బ్లడ్ బ్యాంకు వాళ్లు చెబితే తెలిసింది.

మొదటి దాత బ్లడ్ బ్యాంకు జాబితాలో దొరికాడు. రెండో దాత యార్డులో ముఠా కూలీ. కొట్టు యజమాని అందరికీ గ్రూపు పరీక్ష చేయిస్తే తేలాడు. మగవాళ్లు మూడు నెలలకోసారే ఇవ్వగలరు కాబట్టి నాలుగుసార్లకూ నలుగురు వేర్వేరు మనుషులు కావాల్సి వచ్చింది. నలుగురూ దొరికారు.

మొదటిసారి

27 వారాల 1 రోజు. ఒకవేళ అప్పటికప్పుడు కాన్పు చేయాల్సి వస్తే బిడ్డ ఊపిరితిత్తులకు సాయంగా ఉంటుందని ముందురోజు ఉదయమే, స్కాన్ చూసిన వెంటనే డెక్సామెథసోన్ మొదలుపెట్టాం. ఆరు మిల్లీగ్రాములు, పన్నెండు గంటలకోసారి, మొత్తం నాలుగు డోసులు. మొదటి మూడు ప్రొసీజరుకు ముందే పడ్డాయి.

మాయ ముందు గోడకు ఉండటం మా అదృష్టం. బొడ్డుతాడు మాయలో నాటుకునే చోట కదలదు, అక్కడే గుచ్చాలి. తాడులో రెండు ధమనులు, ఒక సిర. ధమనికి తగిలితే అది బిగుసుకుపోయి బిడ్డ గుండె వేగం పడిపోతుంది. సిర వెడల్పు ఐదారు మిల్లీమీటర్లు. తల్లికి మత్తు ఇవ్వలేదు, పొట్ట మీద లోకల్ ఇంజెక్షన్ మాత్రమే. ఆమె స్కాన్ తెర వైపే చూస్తోంది. వద్దనలేదు నేను.

20 గేజ్ సూది సిరలోకి దిగింది. ముందు ఒక మిల్లీలీటరు రక్తం తీసి పక్కనే పెట్టుకున్న మెషీన్‌లో వేశాం. ఆ రక్తం బిడ్డదేనా, తల్లిదా అని మొదట తేల్చుకోవాలి. బిడ్డ కణాలు పెద్దవి. కణం సైజు చెప్పే ఎంసీవీ 124 వచ్చింది, పెద్దవాళ్లలో అది 80 నుంచి 100 మధ్య ఉంటుంది. బిడ్డదే. హిమోగ్లోబిన్ 6.1. హిమాటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 18 శాతం. ఆ వయసుకు హిమోగ్లోబిన్ సగటున 12కు పైగా ఉండాలి. సగమే ఉంది. డాప్లర్ చెప్పింది నిజమే.

బిడ్డ కదిలి సూది జారకుండా తాడులోకే కొద్దిగా వెకురోనియం ఇచ్చాం. బిడ్డ బరువు అంచనా కిలో. బిడ్డలోనూ మాయలోనూ కలిపి తిరిగే రక్తం సుమారు 141 మిల్లీలీటర్లు. హిమాటోక్రిట్‌ను 18 నుంచి 42కు తేవాలి, దాత రక్తం 78 శాతం. 141ని 24తో గుణించి 78తో భాగిస్తే 43. నలభై మూడు మిల్లీలీటర్లు, అంటే ఓ చిన్న టీ గ్లాసులో సగం.

సిరంజి నెమ్మదిగా నొక్కుతుంటే తెర మీద తాడులో తెల్లటి జల్లులా రక్తం పారడం కనిపిస్తుంది. అది కనిపిస్తున్నంతసేపూ సూది సరైన చోట ఉన్నట్టు. ముప్పై మిల్లీలీటర్లు వెళ్లాక గుండె వేగం 140 నుంచి 90కి పడింది. ఆపాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒక నిమిషం. 110. తర్వాత 138. మిగిలింది ఇంకా నెమ్మదిగా ఇచ్చాం. సూది గుచ్చిన దగ్గర్నించి తీసేదాకా 14 నిమిషాలు. ఆఖరి శాంపిల్‌లో హిమాటోక్రిట్ 41. మర్నాటి డాప్లర్‌లో వేగం 38కి దిగింది.

"అయిపోయిందా మేడమ్?" అంది ఆమె బల్ల మీద నుంచే. ఇంకా మూడున్నాయన్నాను.

తర్వాతి మూడూ ఇంత కంగారు పెట్టలేదు. ఎక్కించాక హిమాటోక్రిట్ రోజుకు ఇంచుమించు ఒక శాతం తగ్గుతుంది, దాన్నిబట్టే తేదీలు పెట్టుకున్నాం. ఒకసారి పెద్దవాళ్ల రక్తం చేరాక డాప్లర్ అంకెను మునుపటిలా నమ్మలేం. 29 వారాలకు 26 శాతం ఉంటే 46 మిల్లీలీటర్లు. 31 వారాల 6 రోజులకు 29 ఉంటే 57 మిల్లీలీటర్లు. 34 వారాల 5 రోజులకు 30 ఉంటే 63. మూడోసారికి బిడ్డ సొంత కణాలు శాంపిల్‌లో దాదాపు కనిపించలేదు. ఒంట్లో తిరుగుతున్నదంతా దాతలదే. వాటి మీద డి యాంటిజెన్ లేదు కాబట్టి తల్లి యాంటీబాడీలు వాటి జోలికి పోవు.

ఓ నెగటివ్ బిడ్డ

జూన్ చివర, 37 వారాల 1 రోజుకు నొప్పులు రప్పించి మామూలు కాన్పు చేశాం. బాబు, 2.7 కిలోలు. బొడ్డుతాడు రక్తంలో హిమోగ్లోబిన్ 12.1. నాలుగు రోజులు ఫొటోథెరపీ లైట్ల కింద ఉంచితే కామెర్లు అదుపులోకి వచ్చాయి. బిడ్డ రక్తం తీసేసి వేరే రక్తం నింపే రక్తమార్పిడి అవసరం రాలేదు. వినికిడి పరీక్ష మామూలుగానే ఉంది.

నిజమైన చిక్కు ఆ తర్వాతే వచ్చింది. బాబు గ్రూపు రిపోర్టులో ఓ నెగటివ్, డైరెక్ట్ కూంబ్స్ (ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయా అని చూసే పరీక్ష) నెగటివ్ అని వచ్చింది. వార్డులోని నర్సు ఫోన్ చేసింది. "బిడ్డ నెగటివే కదా మేడమ్, ఆర్‌హెచ్ సమస్య లేనట్టే కదా, ప్రతివారం రక్తం తీయడం ఎందుకు అని అడుగుతున్నారు." ల్యాబు తప్పు లేదు. వాళ్లు పరీక్షించింది ఆ నలుగురు దాతల రక్తాన్ని. బాబు సొంత రక్తం ఇంకా ఎముకల్లో నుంచి బయటికి రానేలేదు. కడుపులో రక్తం ఎక్కించుకున్న బిడ్డకు పుట్టగానే వచ్చే గ్రూపును నమ్మకూడదని డిశ్చార్జి కాగితం పైన ఎర్ర ఇంకుతో రాయించాను.

దాతల కణాలు సరిపడా ఉన్నన్నాళ్లు బిడ్డ ఎముక మజ్జ పని మానేసి నిద్రపోతుంది. ఆ కణాల ఆయుష్షు తీరాక హిమోగ్లోబిన్ జారుతుంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కూడా కొన్ని వారాలు బిడ్డ ఒంట్లో తిరుగుతూ కొత్తగా పుట్టే కణాలను కొడుతుంటాయి. కడుపులో గెలిచిన పోరాటాన్ని ఇంటికెళ్లాక పోగొట్టుకునేది ఇక్కడే. రెండో వారం 9.6, నాలుగో వారం 7.8. ఐదో వారం 6.8. పాలు తాగుతూ మధ్యలో అలిసిపోయి నిద్రపోతున్నాడని ఆమె ఫోన్‌లో చెప్పింది. కొత్త కణాలైన రెటిక్యులోసైట్లు ఒక శాతం కన్నా తక్కువ. పిల్లల డాక్టరు కిలోకు 15 మిల్లీలీటర్ల లెక్కన ఒకసారి రక్తం ఎక్కించారు. పక్కింటివాళ్లు రక్తం పడుతుందని ఐరన్ చుక్కలు తెచ్చిచ్చారట. వద్దన్నాం. ఎక్కించిన రక్తంతోనే ఈ పిల్లల ఒంట్లో ఇనుము నిండుగా ఉంటుంది, కావాల్సింది ఫోలిక్ యాసిడ్ మాత్రమే. తొమ్మిదో వారానికి రెటిక్యులోసైట్లు 4 శాతం, హిమోగ్లోబిన్ 9.2. మజ్జ మేలుకుంది. మూడో నెలకు 10.4.

ఈ కేసు తర్వాత మా సెంటర్లో చరిత్ర రాసే కాగితం మార్చాం. "ఎన్నో కాన్పు" అన్న మాట తీసేశాం. "ఇప్పటిదాకా ఎన్నిసార్లు నెల తప్పింది? ఒక్కోటీ ఏమైంది?" అని రాసుకున్నాం. ఈ ప్రశ్నను అత్తగారినీ భర్తనూ బయట కూర్చోబెట్టి, తల్లి ఒక్కతే ఉన్నప్పుడు అడుగుతాం. మందుల షాపులో మాత్రలు కొని వేసుకున్న గర్భాలు, పెళ్లికి ముందువి, ఇంట్లో చెప్పనివి, అన్నీ ఆ గదిలోనే బయటికొస్తాయి. నెగటివ్ తల్లి అయితే ప్రతిదాని పక్కనా సూది వేశారా లేదా అని రాస్తాం. గుంటూరు, తెనాలి, విజయవాడల్లో నాకు తెలిసిన డాక్టర్లకు ఒక్కటే చెబుతున్నాను. కడుపు పోయి అర్ధరాత్రి వచ్చిన అమ్మాయికి సెలైన్ పెట్టే ముందు ఒక చుక్క రక్తంతో గ్రూపు చూడండి. ఐదు నిమిషాల పని. ఆ రాత్రి ఆ నర్సింగ్ హోమ్‌లో ఆ గడి నింపి ఉంటే, ఈ తల్లి పొట్టలో నాలుగుసార్లు సూది దిగే పని ఉండేది కాదు. యాంటీబాడీలు ఆ రాత్రే మొదలయ్యాయని నిరూపించలేను, మొదటి కాన్పులో సూది చాలకపోయిందేమో కూడా. కానీ పదిహేడు వారాల గర్భం, లోపల శుభ్రం చేయడం, సూది లేకపోవడం, ఈ మూడూ ఒక వైపు ఉన్నప్పుడు నేను ఆ వైపే మొగ్గుతాను.

ఆరో నెలలో బాబును తీసుకొచ్చారు. గ్రూపు మళ్లీ చేయించాం. బి పాజిటివ్. సొంత రక్తం.

ఇద్దరు చాలనుకుంటున్నామని భర్త చెప్పాడు. ఆమె ఇంకా ఆలోచిస్తానంది. తొందరలేదన్నాను. మళ్లీ నెల తప్పితే ఈసారి జబ్బు ఇంకా ముందే, ఇంకా గట్టిగా వస్తుంది కాబట్టి పది వారాలకే రావాలని, బిడ్డ గ్రూపును తల్లి రక్తంలోనే చూస్తామని, సగం అవకాశం నెగటివ్‌కూ ఉందని ఫైలులో రాసిచ్చాను. పైన "గర్భాలు: మూడు" అని ఉంది. ఆమె ఆ వరుస చదివి, ఫైలు మూసి, సంచిలో పెట్టుకుంది.